అంత బలమైన వేటపక్షులు ఎందుకు తగ్గిపోతున్నాయి? గుడ్లగూబలు, గద్దల తిండి, బతుకు, ముప్పుల గురించి

గుడ్లగూబలకూ గద్దలకూ పెద్దయ్యాక శత్రువులంటూ దాదాపు ఉండరు, వేటలో వాటికి సాటి లేదు. అయినా చాలాచోట్ల అవి ఎందుకు తగ్గిపోతున్నాయి, నిజానికి ఏం తిని ఎలా బతుకుతాయి, దెబ్బతిన్న పక్షి కనబడితే ఏం చేయాలి అని మీరు అడిగారు. గాయపడిన వేటపక్షులకు చికిత్స చేసి, కోలుకున్నాక తిరిగి వదిలిపెట్టే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. నా చేతుల మీదుగా వెళ్లిన పక్షులను గుర్తుపెట్టుకొని ఈ సమాధానం రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. వాటి బలమంతా ఎరను పట్టుకోవడానికే ఉంది. ఎర ఒంట్లోనే చేరిన విషం నుంచి, రెక్కలు తగిలే కరెంటు తీగ నుంచి, గూటి చెట్టు కూలిపోవడం నుంచి ఆ బలం వాటిని కాపాడలేదు. దీనికి తోడు గద్దలు చాలా నెమ్మదిగా సంతానాన్ని పెంచుతాయి కాబట్టి, ఒక పెద్ద గద్ద చనిపోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది. గుడ్లగూబల సంగతి వేరు. తిండి, గూటికి చోటు దొరికితే అవి త్వరగా పుంజుకుంటాయి. ఆ రెండింటిలో ఏది పోయినా అంతే త్వరగా కనుమరుగవుతాయి. అందుకే రెంటికీ ఒకే మందు పనిచేయదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మన వాడుకలో ఆకాశంలో గుండ్రంగా తిరిగే ప్రతి పెద్ద పక్షినీ గద్ద అంటాం. ఊళ్ల మీద తిరిగే నల్ల గద్ద నిజానికి ఆంగ్లంలో కైట్ అనే వేరే రకం. ఈ సమాధానంలో గద్ద అన్నచోటల్లా ఈగల్ అని పిలిచే పెద్ద జాతులనే ఉద్దేశిస్తున్నాను. అవి సుమారు 60కి పైగా ఉన్నాయి. గుడ్లగూబలు దాదాపు 250 జాతులు. వంకీ ముక్కు, వాడి గోళ్లు చూసి ఈ రెండూ దగ్గరి చుట్టాలని చాలామంది అనుకుంటారు కానీ, అవి వేర్వేరు వంశాలు. ఒకే రకమైన పని చేయవలసి రావడంతో ఒకే రకమైన పనిముట్లు వాటికి విడివిడిగా అమరాయి.

పనిముట్లు ఒకేలా ఉన్నా వాటిని వాడే తీరు వేరు. గద్దకు అన్నిటికన్నా ముఖ్యం చూపు. పగటి వెలుగులో దాని చూపు మన చూపు కన్నా రెండు రెట్లకు పైగా నిశితంగా ఉంటుంది. గుడ్లగూబ కళ్లు గొట్టాల్లా ఉండి గుంతల్లో కదలకుండా బిగుసుకుపోయి ఉంటాయి. అందుకే అది తలనే తిప్పవలసి వస్తుంది. మన మెడలో ఏడు వెన్నుపూసలుంటే దాని మెడలో పద్నాలుగు ఉంటాయి, తలను 270 డిగ్రీల వరకు తిప్పగలదు. అయితే బార్న్ ఔల్ అనే తెల్లమొహపు గుడ్లగూబ విషయంలో కళ్ల కన్నా చెవులదే పెద్ద పాత్ర. దాని చెవులు తలకు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండవు. ఆ హెచ్చుతగ్గు వల్ల శబ్దం ఏ దిక్కు నుంచే కాకుండా ఏ ఎత్తు నుంచి వస్తోందో కూడా దానికి తెలుస్తుంది, చిమ్మచీకటి గదిలోనూ ఎలుకను పట్టగలదని ప్రయోగాల్లో తేలింది. రెక్కల ముందు ఈకల అంచు దువ్వెన పళ్లలా ఉండడం, పైభాగం మఖమల్‌లా మెత్తగా ఉండడం వల్ల ఎగిరేటప్పుడు చప్పుడు దాదాపు రాదు. ఆ మెత్తదనానికి మూల్యం కూడా ఉంది: ఆ ఈకలు వానకు త్వరగా తడుస్తాయి. వరసగా కొన్ని రాత్రులు వాన పడితే అది వేటాడలేక ఆకలితో చిక్కిపోతుంది. పెద్ద వానల తర్వాత మా దగ్గరికి వచ్చే గుడ్లగూబల్లో ఏ గాయమూ లేకుండా రొమ్ము ఎముక బయటికి పొడుచుకొచ్చినవే ఎక్కువ.

తిండి విషయానికి వస్తే, గుడ్లగూబ ఏం తిన్నదో తెలుసుకోవడం కంటే తేలికైన పరిశీలన పక్షిశాస్త్రంలో మరొకటి లేదనిపిస్తుంది నాకు. చిన్న ఎరను అది మొత్తంగా మింగుతుంది. దాని కడుపులోని ఆమ్లం గద్ద కడుపులో ఉన్నంత ఘాటుది కాదు కాబట్టి ఎముకలు కరగవు. బొచ్చు, ఎముకలు కలిసి ఉండలా తయారై కొన్ని గంటల తర్వాత నోట్లోంచి బయటికి వస్తాయి. ఒక పాత గోదాము దూలం కింద నేను ఒక శీతకాలమంతా వారానికోసారి ఈ ఉండలను ఏరి, నీళ్లలో నానబెట్టి, పుర్రెలను వేరుచేసి లెక్కపెట్టాను. ఒక్కో ఉండలో రెండు నుంచి ఐదు పుర్రెల దాకా ఉండేవి. అన్నీ చిట్టెలుకలవీ చుంచులవీ, ఎప్పుడో ఒకసారి చిన్న పిట్టది. కోడిపిల్ల ఎముక ఒక్కటీ దొరకలేదు. ఆ గోదాము యజమాని తన కోళ్లను గుడ్లగూబ ఎత్తుకుపోతుందని నమ్మేవాడు. పుర్రెల పళ్లెం చూపించాక దూలానికి పెట్టె కట్టనిచ్చాడు. ఒక పెద్ద బార్న్ ఔల్ రాత్రికి మూడు నాలుగు ఎలుకలు తింటుంది, పిల్లలున్నప్పుడు ఇంకా ఎన్నో పట్టి తెస్తుంది. మలేసియాలో పామాయిల్ తోటల్లోనూ, ఇజ్రాయెల్, జోర్డాన్ పొలాల్లోనూ దీని కోసమే పనిగట్టుకొని గూటిపెట్టెలు పెట్టారు.

అయితే గుడ్లగూబలన్నీ ఎలుకలనే తింటాయని అనుకోకూడదు. సుమారు 40 గ్రాముల బరువుండే ఎల్ఫ్ ఔల్ పురుగులనూ తేళ్లనూ తింటుంది. బ్లేకిస్టన్ ఫిష్ ఔల్ ప్రపంచంలోకెల్లా పెద్ద గుడ్లగూబల్లో ఒకటి, అది నదుల్లో చేపలు పడుతుంది. నేల బొరియల్లో ఉండే బర్రోయింగ్ ఔల్ పశువుల పేడ తెచ్చి గుమ్మం ముందు పరుస్తుంది, ఆ వాసనకు వచ్చే పేడపురుగులను పట్టి తింటుంది.

గద్దల తిండి ఇంకా రకరకాలుగా ఉంటుంది. బంగారు గద్దకు కుందేళ్లు, నేల ఉడుతలు ప్రధానం. సముద్రపు గద్దలకు చేపలు, నీటిపక్షులు. పాముల గద్దలు పేరుకు తగ్గట్టే పాములతో బతుకుతాయి. విషపు కాటు వాటికీ ప్రమాదమే, దట్టమైన పొలుసులున్న కాళ్లు, వేగం వాటిని కాపాడతాయి. మధ్య, దక్షిణ అమెరికా అడవుల హార్పీ ఈగల్ చెట్ల మీది కోతులనూ, స్లాత్ అనే నెమ్మదిగా కదిలే జంతువులనూ పట్టుకుపోతుంది. ఇంత చెప్పినా ఒక విషయం మరిచిపోకూడదు: చాలా గద్దలు చచ్చిన జంతువును సంతోషంగా తింటాయి. ముఖ్యంగా శీతకాలంలో, ముఖ్యంగా వేట నేర్చుకుంటున్న కుర్ర గద్దలు. గద్ద తానుగా చంపినదే తింటుందన్న గంభీరమైన నమ్మకం నిజం కాదు, ఆ అలవాటే వాటికి ఎలా ప్రాణాంతకమవుతోందో కింద చెబుతాను. గొర్రెలనూ పసిపిల్లలనూ గద్ద ఎత్తుకుపోతుందన్న భయం కూడా అలాంటిదే. పెద్ద బంగారు గద్ద బరువే మూడు నుంచి ఆరు కిలోలు. తనంత బరువున్న దాన్ని ఎత్తుకొని ఎగరడం దానికి సాధ్యం కాదు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను కొన్ని గద్దలు చంపడం ఉంది, దాన్ని కాదనను. కానీ గద్ద వాలిన గొర్రెపిల్లల్లో ఎన్నో అప్పటికే చచ్చి పడి ఉన్నవే.

ఇక సంతానం. ఈ ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడే ఉంది. గుడ్లగూబలు తిండిని బట్టి గుడ్లు పెడతాయి. మంచుప్రాంతపు తెల్ల గుడ్లగూబ లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి జంతువులు బాగా పెరిగిన ఏడాది పదకొండు గుడ్ల వరకు పెట్టవచ్చు. అవి లేని ఏడాది అసలు గూడే పెట్టకపోవచ్చు. బార్న్ ఔల్ సాధారణంగా నాలుగు నుంచి ఏడు గుడ్లు రెండు మూడు రోజులకొకటి చొప్పున పెడుతుంది, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలు మెట్ల వరసలా ఒకదాని కన్నా ఒకటి చిన్నగా ఉంటాయి. తిండి చాలితే అన్నీ బతుకుతాయి, చాలకపోతే చివరివి పోతాయి. పుట్టిన వాటిలో ఎక్కువ భాగం తొలి ఏడాదే చనిపోతుంది. అయినా మంచి ఏళ్లు వరసగా రెండు వస్తే ఆ ప్రాంతం మళ్లీ నిండుతుంది.

గద్దకు ఆ వెసులుబాటు లేదు. బంగారు గద్ద సాధారణంగా రెండు గుడ్లు పెట్టి ఆరు వారాలకు పైగా పొదుగుతుంది. చాలాసార్లు ముందు పుట్టిన పిల్ల రెండోదాన్ని పొడిచి చంపుతుంది లేదా తిండి అందనివ్వదు. ఆఫ్రికాలోని వెరో గద్దలో ఇది దాదాపు తప్పని నియమం. తొలిసారి గూటిలో ఇది చూసినవారు రెండోదాన్ని కాపాడాలని తపించిపోతారు. నేనూ తపించాను. తల్లిదండ్రులు రెండు పిల్లలను సాకలేని జాతుల్లో రెండో గుడ్డు మొదటిది పిల్ల కాకపోతే పనికొచ్చే భరోసా మాత్రమేనని తర్వాత అర్థమైంది. ఆ ఒక్క పిల్ల గూడు వదలడానికి పది వారాలు, జతకట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. హార్పీ ఈగల్ రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను పెంచుతుంది, ఫిలిప్పీన్ ఈగల్ రెండేళ్లకు ఒకదాన్ని. ఈ లెక్కన ఒక జంట తన చోటును నింపడానికి రెండు పిల్లలను పెద్దయ్యేదాకా బతికించుకోవాలంటే చాలా ఏళ్లు క్షేమంగా ఉండాలి. అందుకే గద్దల విషయంలో గూళ్లలోని పిల్లల లెక్క కన్నా పెద్ద పక్షులు ఏటా ఎన్ని చస్తున్నాయన్నదే మొదట చూడవలసిన లెక్క.

ముప్పుల్లో నేను అన్నిటికన్నా ముందు ఎలుకల మందు గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని వాడేవారిలో ఎవరికీ గుడ్లగూబను చంపాలన్న ఉద్దేశం ఉండదు. బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ వంటి కొత్త తరం మందులు విటమిన్ కె తిరిగి తయారుకాకుండా అడ్డుకొని రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడతాయి. ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు ఆ మందును తింటూనే ఉంటుంది, చావుకు దగ్గరపడే కొద్దీ మందకొడిగా, బయలు ప్రదేశంలో, పగలు కూడా తిరుగుతుంది. ఏ వేటపక్షికైనా అంతకన్నా తేలికైన ఎర ఉండదు. పైగా ఈ మందు తిన్న పక్షి కాలేయంలో నెలల తరబడి నిలిచి, ఎలుక తర్వాత ఎలుకతో పేరుకుపోతుంది. ఒక సాయంత్రం తెచ్చిన గుడ్లగూబకు ఎముక విరగలేదు, పైకి గాయం లేదు, నోటి లోపల మాత్రం పాలిపోయి ఉంది. పరీక్షకు రక్తం తీయడానికి సూది గుచ్చిన చోట అరగంట దాటినా కారుతూనే ఉంది. రెక్క కింద చర్మం నల్లగా కమిలి ఉంది. విటమిన్ కె వారాల తరబడి ఇచ్చి దాన్ని బతికించగలిగాం. ఆ ఏడాది అదే లక్షణాలతో వచ్చిన మరో మూడింటిని బతికించలేకపోయాం. 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్క్ జూ నుంచి బయటపడ్డ ఫ్లాకో అనే ఈగల్ ఔల్ జాతి పెద్ద గుడ్లగూబ ఏడాదిపాటు నగరంలోనే వేటాడుకొని బతికింది. అది 2024 ఫిబ్రవరిలో ఒక భవనాన్ని ఢీకొని చనిపోయినట్టు తేలింది. శవపరీక్షలో దాని ఒంట్లో పావురాల నుంచి వచ్చిన వైరస్‌తోపాటు నాలుగు రకాల ఎలుకల మందులు కనిపించాయి. గుడ్డివేగంతో గోడకు గుద్దుకున్నదనుకునే పక్షి వెనక కూడా విషం ఉండవచ్చని అందుకే అంటాను.

గద్దలకు దీనితో సమానమైన విషం సీసం. తుపాకి గుండు జంతువు ఒంట్లో తగిలినప్పుడు అది పగిలి కంటికి కనిపించనంత చిన్న ముక్కలుగా చెదురుతుంది. వేటగాడు పారేసిన పేగుల్లోనో, దొరకకుండా తప్పించుకొని చచ్చిన జంతువులోనో ఆ ముక్కలుంటాయి. గద్ద కడుపులోని ఘాటైన ఆమ్లం, ఎముకలను కూడా కరిగించే ఆమ్లం, సీసాన్ని కూడా కరిగించి రక్తంలోకి పంపుతుంది. బియ్యపుగింజంత ముక్క చాలు. తల వేలాడేసి, కాలివేళ్లు పిడికిలిలా ముడుచుకొని, ఆకుపచ్చ రెట్టతో నేల మీద కూర్చున్న గద్దను చూడగానే మేము ఎక్స్‌రే తీస్తాం. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని 38 రాష్ట్రాల నుంచి 1,210 బాల్డ్ ఈగల్స్ (తెల్లతల గద్దలు), బంగారు గద్దలను పరీక్షిస్తే దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలిక సీసం విషం బయటపడింది. రాగి గుండ్లు వాడితే ఈ సమస్యే ఉండదు. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు దక్షిణాసియాలో రాబందులను తుడిచిపెట్టిన సంగతి మీరు వినే ఉంటారు. అదే మందు స్టెప్పీ గద్దను కూడా మూత్రపిండాలు చెడగొట్టి చంపుతుందని 2014లో తేలింది.

కరెంటు స్తంభం గురించి చాలామంది తప్పుగా ఊహిస్తారు. తీగ మీద కూర్చుంటే షాక్ కొట్టదు. రెండు తీగలు ఒకేసారి తగిలితే, లేదా ఒక తీగా ఇనుప దూలమూ కలిసి తగిలితే కొడుతుంది. చిన్న పిట్ట రెక్కలు అంత దూరం చాచుకోవు. రెండు మీటర్ల రెక్కల విప్పు ఉన్న గద్ద వాలేటప్పుడో లేచేటప్పుడో అందుకుంటుంది. మా దగ్గరికి వచ్చిన వాటిలో చాలావాటికి ఒక పాదం మీద, ఎదుటి రెక్క మణికట్టు మీద మాడిన చుక్క తప్ప ఏమీ కనిపించదు. నాలుగు రోజుల తర్వాత ఆ రెక్క మొత్తం కుళ్లుతుంది. ఈ ముప్పుకు పరిష్కారం తెలుసు, అదీ అందుబాటులో ఉంది: తీగల మధ్య దూరం పెంచడం, స్తంభం దగ్గరి భాగానికి తొడుగు వేయడం. స్పెయిన్‌లో ఇంపీరియల్ ఈగల్ 1960లలో సుమారు 30 జంటలకు పడిపోయింది. చట్టపు రక్షణతోపాటు ప్రమాదకరమైన స్తంభాలను సరిచేయడం దాన్ని నిలబెట్టింది, ఇప్పుడు 800 జంటలు దాటాయి.

గాలిమరల గురించి కూడా అడుగుతారు. గద్దలు వాటికి తగిలి చనిపోవడం నిజం. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు గాలిమరలకు ఒక్కో రెక్కకు నల్లరంగు వేస్తే పక్షుల చావులు 70 శాతానికి పైగా తగ్గాయి, కాకపోతే నాలుగే మరల మీద చేసిన ప్రయోగాన్ని అన్నిచోట్లకూ వర్తింపజేయడానికి నేను తొందరపడను. తక్కువ ఎత్తులో ఎగిరే బార్న్ ఔల్‌లను రోడ్డు మీద వాహనాలు చంపుతాయి. నిలువు గోడల నీటితొట్లలో అవి మునిగి చావడం కూడా నేను చూశాను. తొట్టిలో ఒక చెక్కపలక తేలేట్టు వేస్తే చాలు.

చెట్టు గురించి మాత్రం ఆగి చెప్పాలి. చాలా గుడ్లగూబలు గూడు కట్టవు, పాత చెట్టు తొర్రలోనో ఇతర పక్షులు వదిలేసిన గూటిలోనో చేరతాయి. గద్దలైతే ఒకే గూటికి ఏటేటా పుల్లలు చేరుస్తాయి. 1963లో ఫ్లోరిడాలో కొలిచిన ఒక బాల్డ్ ఈగల్ గూడు 2.9 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు ఉండి, సుమారు రెండు టన్నుల బరువు ఉంటుందని అంచనా వేశారు. అంత బరువు మోసే చెట్టు ఎంత వయసుదై ఉండాలి! పది మొక్కలు నాటి ఒక ముసలి చెట్టును కొట్టేసినప్పుడు ఆ లెక్క ఈ పక్షులకు సరిపోదు. ఎర పోయినా కథ అంతే: న్యూజిలాండ్‌లో మనుషులు మోవా అనే ఎగరలేని పెద్ద పక్షులను వేటాడి అంతం చేశాక, వాటి మీదే ఆధారపడిన హాస్ట్ ఈగల్, మనకు తెలిసిన గద్దల్లో అతి బరువైనది, అది కూడా అంతరించింది.

మీ ప్రశ్నలో నిరాశ కనిపించింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయే రోజుల్లో, 1963లో అలాస్కా మినహా అమెరికా ప్రధాన భూభాగంలో 417 బాల్డ్ ఈగల్ జంటలే లెక్కతేలాయి. 1972లో ఆ మందును నిషేధించారు. 2007లో ఆ పక్షిని ప్రమాదపు జాబితా నుంచి తీసేశారు, 2021 నివేదిక ప్రకారం అదే ప్రాంతంలో 71,400 జంటలున్నాయి. బ్రిటన్‌లో 1918 నాటికి అంతరించిన తెల్లతోక గద్ద పిల్లలను 1975 నుంచి నార్వే నుంచి తెచ్చి స్కాట్లండ్‌లోని రమ్ దీవిలో వదిలారు. అడవిలో తొలి పిల్ల పెరిగి ఎగిరింది 1985లో. మధ్యలో ఆ పదేళ్లు ఓపికపట్టిన మనుషులను తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

చివరిగా, దెబ్బతిన్న పక్షి కనబడితే. ముక్కుకు కాదు, కాళ్లకు భయపడండి. గద్ద పట్టు ఒకసారి బిగిస్తే విడిపించుకోవడం కష్టం. దళసరి దుప్పటి పూర్తిగా కప్పి, రెక్కలు ఒంటికి ఆనేట్టు పట్టుకొని, గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి. వైర్ల పంజరం వద్దు, ఈకలు విరుగుతాయి. నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం, మాంసం ఏదీ పెట్టకండి. ఒంట్లో నీరు ఇంకిపోయిన పక్షికి ముందు ద్రవాలు ఎక్కించాలి, తిండి తర్వాత. ఫొటోల కోసం పెట్టె మాటిమాటికీ తెరవకుండా, వీలైనంత త్వరగా అటవీశాఖకో వన్యప్రాణి వైద్యులకో అప్పగించండి. పక్షి దొరికిన చోటును రాసి పెట్టండి, కోలుకున్నాక అక్కడే వదలవలసి ఉంటుంది.

మెత్తటి నూగుతో నేల మీద కూర్చున్న గుడ్లగూబ పిల్ల విషయంలో మాత్రం ముందు ఆగి చూడండి. చాలా జాతుల పిల్లలు ఎగరడం రాకముందే గూడు వదిలి కొమ్మల మీద నడుస్తాయి, అప్పుడప్పుడు కింద పడతాయి, ముక్కూ గోళ్లతో మళ్లీ పైకి ఎక్కుతాయి. ఏటా మా దగ్గరికి అనాథలని తెచ్చే పిల్లల్లో సగానికి పైగా అనాథలు కావు. గాయం లేకుండా కళ్లు తెరిచి నిలబడగలిగితే దగ్గరలోని కొమ్మ మీద పెట్టి, కుక్కలను దూరంగా కట్టేసి, మీరూ దూరంగా వెళ్లండి. చీకటి పడ్డాక తల్లి వస్తుంది.